మోడల్ రన్ అయింది, నంబర్లే తేడాగా ఉన్నాయి: తప్పు ఇన్‌పుట్ పట్టుకోవడానికి ఏ ఎనర్జీ సాఫ్ట్‌వేర్ మేలు?

బిల్డింగ్ ఎనర్జీ మోడలింగ్‌లోకి (భవనం ఏడాదికి ఎంత కరెంటు, ఇంధనం వాడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పనిలోకి) కొత్తగా వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. ఈక్వెస్ట్ నేర్చుకోవాలా, డిజైన్‌బిల్డరా, ఓపెన్‌స్టూడియోనా, లేకపోతే లెక్క వేసే ఇంజిన్ అయిన ఎనర్జీప్లస్‌తోనే నేరుగా కూర్చోవాలా? జవాబులు కూడా ఎప్పుడూ వినేవే వస్తాయి: ఫలానాది ఫ్రీ, ఫలానాదాంట్లో త్రీడీ బాగుంటుంది, ఫలానాది వస్తే ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుంది. అవన్నీ నిజాలే. కానీ ఈ పనిలో కొన్నాళ్లు ఉన్నవాళ్లను ఎవరినైనా అడగండి, మోడల్ కట్టడానికి పట్టే టైం కంటే, కట్టాక ఎక్కడో ఒక ఇన్‌పుట్ తేడా కొట్టిందని తెలిసి దాన్ని వెతకడానికి పట్టే టైమే ఎక్కువ అంటారు. రేపు సబ్మిషన్ ఉంది, ఏసీ కరెంటు మూడింతలు చూపిస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఆ టెన్షన్ తగ్గించేదే మనకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ నాలుగింటినీ ఇక్కడ ఒకే ప్రశ్న పెట్టుకుని పోలుస్తున్నాను: మీరు తప్పు విలువ ఇస్తే, అది మీకు ఎంత త్వరగా తెలుస్తుంది?

ఐఈఎస్ వీఈ, హ్యాప్, ట్రేస్ లాంటి మిగతా ఎనర్జీ సాఫ్ట్‌వేర్లు కలపలేదు. వాటిని చాలాసార్లు ఆఫీసే లైసెన్స్ కొని చేతికిస్తుంది, ఎంపిక మన చేతిలో ఉండదు.

## ఏం చూసి పోల్చాలి

తప్పులన్నీ ఒకలాంటివి కావు. కొన్నింటికి రన్ మధ్యలో ఆగిపోతుంది. కొత్తవాళ్లకు వీటిని చూస్తేనే భయం, కానీ వీటితో పెద్ద ఇబ్బంది లేదు, ఎందుకు ఆగిందో ఏదో ఒక మెసేజ్ ఉంటుంది. కొన్నింటికి రన్ పూర్తవుతుంది గానీ వెనకాల వందల వార్నింగులు పోగవుతాయి, వాటిలో పట్టించుకోవాల్సినవి నాలుగో ఐదో ఉంటాయి. అసలు ప్రమాదం మూడో రకం. రన్ శుభ్రంగా పూర్తవుతుంది, ఒక్క వార్నింగూ రాదు, రిపోర్టు నీట్‌గా ఉంటుంది, లోపల నంబరు మాత్రం తప్పు. లైటింగ్ చదరపు మీటరుకు 10 వాట్లు ఇవ్వాల్సింది చదరపు అడుగుకు 10 వాట్లుగా పడిందనుకోండి, ఏ సాఫ్ట్‌వేరూ అభ్యంతరం చెప్పదు. దానికి అదీ ఒక నంబరే.

కాబట్టి ఎంచుకునే ముందు ఈ విషయాలు చూసుకోండి.

మొదటిది, మెసేజ్ వచ్చినప్పుడు అది ఏ గదో, ఏ గోడో, ఏ ఏహెచ్‌యూనో (గదులకు చల్లగాలి పంపే యూనిట్) చెప్తుందా, లేక పేరు చూసినా మనకు అర్థం కాని భాషలో ఉంటుందా. రెండోది, స్క్రీన్ మీద కనిపిస్తున్న విలువ నేను ఇచ్చిందా, ప్రోగ్రాం తనంతట తాను వేసుకుందా అనేది చూడగానే తెలుస్తుందా. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మూడోది యూనిట్లు. నాలుగోది, అన్ని జోన్ల (ఒకేలా చల్లబరిచే గదుల గుంపుల) విలువలూ ఒకే పట్టికలో చూడొచ్చా, నిన్న బాగా నడిచిన ఫైల్‌నీ ఈరోజు పాడైన ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి తేడా చూడొచ్చా. ఐదోది, హెచ్‌వీఏసీని (ఏసీ, వెంటిలేషన్ సిస్టంని) కాసేపు పక్కన పెట్టి బిల్డింగ్‌ను మాత్రమే రన్ చేసి, తప్పు ఎన్వలప్‌లో (గోడలు, కిటికీలు, పైకప్పులో) ఉందో సిస్టంలో ఉందో విడగొట్టుకోవచ్చా.

| | ఈక్వెస్ట్ | డిజైన్‌బిల్డర్ | ఓపెన్‌స్టూడియో | నేరుగా ఎనర్జీప్లస్ |
|---|---|---|---|---|
| ఖర్చు | ఫ్రీ | లైసెన్స్ కొనాలి | ఫ్రీ | ఫ్రీ |
| కంప్యూటర్ | విండోస్ మాత్రమే | విండోస్ మాత్రమే | విండోస్, మ్యాక్, లినక్స్ | విండోస్, మ్యాక్, లినక్స్ |
| ఇన్‌పుట్ యూనిట్లు | అడుగులు, బీటీయూలు | రెండూ | రెండూ | ఎస్ఐ (మీటర్లు, వాట్లు) |
| మెసేజ్‌లో చోటు తెలియడం | ఫర్వాలేదు | బాగుంటుంది | పేర్లు పెట్టుకుంటేనే | బాగుంటుంది, చదవడం రావాలి |
| డిఫాల్ట్ ఏదో తెలియడం | రంగు తేడా ఉంటుంది | చాలా బాగుంటుంది | మధ్యస్థం | మీకే తెలియాలి |
| రెండు ఫైళ్లు పోల్చడం | కుదురుతుంది | ఎనర్జీప్లస్ ఫైల్‌గా బయటికి తీస్తేనే | కుదురుతుంది | చాలా తేలిక |
| హెచ్‌వీఏసీని పక్కన పెట్టడం | రిపోర్టులే విడిగా ఉంటాయి | తేలిక | చాలా తేలిక | తేలికే |

పట్టిక చూసి వెంటనే నిర్ణయం తీసుకోకండి. ఒక్కోదాని లోపల ఉండే మెలికలు పట్టికలో పట్టవు.

## ఈక్వెస్ట్: రిపోర్టులు బంగారం, యూనిట్లు గండం

డీఓఈ-2.2 అనే లెక్కల ఇంజిన్ మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఇది. పాతదని తీసిపారేయకండి. తప్పు వెతికే పనిలో దీనికున్న మొదటి బలం వేగం. ఓ మోస్తరు ఆఫీసు బిల్డింగ్ ఏడాది మొత్తం రన్ చాలా త్వరగా అయిపోతుంది, కాబట్టి ఒక విలువ మార్చు, రన్ చేయి, చూడు, మళ్లీ మార్చు అనే పద్ధతికి ఇంత అనువైనది ఇంకోటి లేదు. రెండో బలం డీటెయిల్డ్ మోడ్‌లో (ప్రతి విలువనూ నేరుగా మార్చుకునే చోట) ఉండే స్ప్రెడ్‌షీట్ ట్యాబ్. అన్ని స్పేస్‌లూ (గదులూ) వరుసగా, లైటింగ్ పవర్ ఒక నిలువు వరుసలో కనిపిస్తాయి. అరవై స్పేస్‌లలో ఒకదానికి మాత్రం 1.0 బదులు 10 పడిందంటే కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మూడోది సిమ్ ఫైల్, అంటే రన్ అయ్యాక వచ్చే రిపోర్టుల ఫైల్. రిపోర్టుల పేర్లలోనే దారి ఉంది. ఎల్ అక్షరంతో మొదలయ్యేవి లోడ్స్ (గదుల్లోకి చేరే వేడి), ఎస్‌తో మొదలయ్యేవి సిస్టమ్స్ (ఏసీ, ఫ్యాన్లు), పీతో మొదలయ్యేవి ప్లాంట్ (నీళ్లను చల్లబరిచే చిల్లర్ లాంటి మెషిన్లు). ఇంజిన్ లెక్కించే వరుస కూడా అదే. ఎల్‌వీ-డీ తీసి కిటికీల విస్తీర్ణం, గోడల యూ-వాల్యూలు (ఎంత వేడిని దాటనిస్తాయో చెప్పే అంకెలు, తక్కువైతే మంచిది) డ్రాయింగ్‌తో పోల్చండి, ఎల్‌వీ-బీలో ఒక్కో స్పేస్‌కు లైటింగ్, మనుషులు, ఎక్విప్‌మెంట్ చూడండి. అవి సరిపోతే ఎస్‌వీ-ఏకు వెళ్లి ఫ్యాన్లూ గాలి ప్రవాహమూ చూడండి. చివర్లో ఏడాది మొత్తం వాడకం చూపే పీఎస్-ఈ, బెప్స్. ఈ వరుసలో ఎక్కడ నంబరు మొదటిసారి అసహజంగా కనిపిస్తే తప్పు ఆ మెట్టులోనో దానికి ముందు మెట్టులోనో ఉంటుంది. చాలామంది బెప్స్‌లో చివరి మొత్తం చూసి అక్కడినుంచి వెనక్కి నడుస్తారు, దాంతో రోజంతా పోతుంది.

ఇక గండం. ఇన్‌పుట్ అంతా అడుగులు, బీటీయూలు. మన ఈసీబీసీ 2017 (దేశంలోని భవనాల ఇంధన పొదుపు కోడ్) గోడకు చెప్పే 0.40 యూ-వాల్యూ ఎస్ఐలో ఉంది. దాన్ని 5.678తో భాగిస్తే 0.070 వస్తుంది, ఈక్వెస్ట్‌కు ఇవ్వాల్సింది ఆ 0.070. తొందరలో 0.40 అనే కొట్టేస్తే, ఎస్ఐలో అది 2.27 అయింది, అంటే ఇన్సులేషన్ డబ్బులు పెట్టి వేయించిన గోడ కాస్తా ఇంచుమించు మామూలు ఇటుక గోడ అయిపోయింది. ఏ వార్నింగూ రాదు. గాజు దగ్గర ఇంకో మెలిక: ఈక్వెస్ట్ గ్లాస్ కండక్టెన్స్ అడిగేటప్పుడు బయటి గాలి పొరను కలపకుండా అడుగుతుంది. కేటలాగ్‌లో ఉండే యూ-వాల్యూలో అది కలిసే ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని కేటలాగ్ అంకె దించేస్తే మీ గాజు ఉన్నదానికంటే మంచి గాజు అయిపోతుంది. అందుకే ఏం ఇచ్చానన్నది పక్కన పెట్టి, ఎల్‌వీ-డీలో చివరికి ఏం వచ్చిందో అది చూడాలి. అలాగే షేడింగ్ కోఎఫిషియంట్ వేరు, ఎస్‌హెచ్‌జీసీ వేరు, రెండూ గాజు ఎంత ఎండ వేడిని లోపలికి వదులుతుందో చెప్పేవే అయినా. మొదటిదాన్ని 0.87తో గుణిస్తే రెండోది వస్తుంది. మెషిన్ సామర్థ్యం ఈఐఆర్ రూపంలో అడుగుతుంది, అంటే 1ని సీఓపీతో (వాడిన కరెంటుకు ఎన్ని రెట్ల చల్లదనం వస్తుందో చెప్పే అంకెతో) భాగించాలి. సీఓపీ 3.2 అయితే ఈఐఆర్ 0.3125. అక్కడ 3.2 కొడితే ఏసీ కరెంటు పదింతలవుతుంది. ఇది మాత్రం చివరి నంబరులో వెంటనే బయటపడుతుంది, అదొక్కటే ఊరట.

హాలిడే జాబితా అమెరికాది వచ్చి కూర్చుంటుంది, డేలైట్ సేవింగ్ టైం ఆన్‌లో ఉంటుంది. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ నడిచే ఆఫీసును మోడల్ చేస్తూ థాంక్స్ గివింగ్‌కు సెలవిచ్చి సంక్రాంతికి పని చేయిస్తున్నామేమో ఒకసారి చూసుకోండి. విజార్డ్ (ప్రశ్నలు అడుగుతూ మోడల్ కట్టించే తేలిక పద్ధతి) నుంచి డీటెయిల్డ్ మోడ్‌కు వెళ్లాక మళ్లీ విజార్డ్‌కు తిరిగొస్తే డీటెయిల్డ్‌లో చేసిన మార్పులు పోతాయి, ఆ హెచ్చరిక డబ్బా వచ్చినప్పుడు చదవకుండా ఓకే నొక్కకండి. వీఆర్ఎఫ్‌కు (ఒకే బయటి యూనిట్ చాలా గదుల ఏసీలను నడిపే పద్ధతికి) ఈ ఇంజిన్‌లో నేరుగా సిస్టం లేదు, వేరే సిస్టంతో సర్దుకోవాలి. సర్దుబాటు ఉన్నచోట తప్పు వెతకడం రెట్టింపు కష్టం, కాబట్టి వీఆర్ఎఫ్ బిల్డింగ్ అయితే నేను ఈక్వెస్ట్ వైపు పోవద్దనే చెప్తాను.

## డిజైన్‌బిల్డర్: ఎరుపు, నీలం చూస్తే సగం పని అయిపోతుంది

ఇది బ్రిటన్‌లో తయారైన సాఫ్ట్‌వేర్, లోపల నడిచేది ఎనర్జీప్లసే. దీని నిర్మాణం మెట్లుగా ఉంటుంది: సైట్, బిల్డింగ్, బ్లాక్, జోన్, సర్ఫేస్, ఓపెనింగ్. పై మెట్టులో ఇచ్చిన విలువ కిందికి దిగుతుంది. అలా పైనుంచి వచ్చిన విలువ నీలం రంగులో, ఆ మెట్టులో మీరు స్వయంగా మార్చింది ఎరుపులో కనిపిస్తుంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, వేరేవాళ్లు చేసిన మోడల్ మీ చేతికొచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. జోన్ తెరవగానే ఎరుపు అక్షరాలు ఎక్కడున్నాయో చూస్తే చాలు, ముందు పనిచేసిన మనిషి ఎక్కడెక్కడ చెయ్యి పెట్టాడో తెలిసిపోతుంది.

దీని నుంచే పుట్టే సమస్య కూడా ఒకటుంది. బిల్డింగ్ మెట్టులో కూలింగ్ సెట్‌పాయింట్ 24 నుంచి 26కు మారుస్తారు, కరెంటు అనుకున్నంత తగ్గదు. ఏంటా అని చూస్తే పది జోన్లలో ఎవరో 24ను ఎరుపుగా గట్టిగా పెట్టి ఉంటారు, వాటికి మీ మార్పు చేరనే లేదు. ఆ జోన్లలో విలువను డిఫాల్ట్‌కు క్లియర్ చేస్తే సరిపోతుంది. కొత్త వర్షన్లలో మోడల్ డేటా గ్రిడ్ వ్యూ ఉంది, అన్ని జోన్లూ పట్టికలా చూసుకోవచ్చు. ఈక్వెస్ట్ స్ప్రెడ్‌షీట్ అలవాటున్నవాళ్లకు ఇది ప్రాణం లేచొచ్చే విషయం.

డిఫాల్ట్ టెంప్లేట్లు యూరప్ వాతావరణానికి దగ్గరగా ఉంటాయి, హీటింగ్ సెట్‌పాయింట్‌తో సహా. విజయవాడ బిల్డింగ్ రిజల్ట్‌లో హీటింగ్ కరెంటు కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది టెంప్లేట్‌నే. మెసేజ్‌లు చదవడం తేలిక, ఎందుకంటే పేరులోనే బ్లాక్ పేరు, జోన్ పేరు, ఆ తర్వాత గోడ నంబరు వరుసగా ఉంటాయి, మోడల్‌లో ఆ చెట్టు కొమ్మ పట్టుకుని వెళ్తే చోటు దొరుకుతుంది. డీటెయిల్డ్ హెచ్‌వీఏసీ మోడల్ తేడా చేస్తోందంటే సింపుల్ హెచ్‌వీఏసీకి మార్చి ఒక రన్ వేయండి. కూలింగ్ లోడ్ అప్పుడూ అసహజంగానే ఉంటే తప్పు సిస్టంలో లేదు, గాజులోనో మనుషుల సంఖ్యలోనో ఇన్‌ఫిల్ట్రేషన్‌లోనో (సందుల్లోంచి లోపలికొచ్చే గాలిలో) ఉంది.

డబ్బు మాత్రం పెట్టాలి. ఒంటరిగా ఫ్రీలాన్స్ చేసేవాళ్లకు, ఏడాదికి రెండు మూడు ప్రాజెక్టులే ఉన్నవాళ్లకు ఇది భారమే.

## ఓపెన్‌స్టూడియో: శక్తి ఎక్కువ, క్రమశిక్షణ మీదే

అమెరికా జాతీయ ప్రయోగశాల ఎన్ఆర్ఈఎల్ నుంచి వచ్చింది. ఇదీ ఎనర్జీప్లస్‌నే నడుపుతుంది, స్కెచప్‌లో జామెట్రీ గీసుకోవచ్చు. ఫ్రీ, మ్యాక్‌లోనూ నడుస్తుంది, చాలామంది స్టూడెంట్లు ఇక్కడికి వచ్చేది అందుకే.

జామెట్రీ తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, తేలిగ్గా పట్టుబడేదీ ఇక్కడే. రెండు గదుల మధ్య గోడను సర్ఫేస్ మ్యాచింగ్ (రెండు వైపులా ఉన్నది ఒకే గోడ అని చెప్పడం) చేయకపోతే ఆ లోపలి గోడ ఎండా గాలీ తగిలే బయటి గోడ అయిపోతుంది. రన్ ఆగదు, కూలింగ్ లోడ్ మాత్రం పెరిగిపోతుంది. స్కెచప్ ప్లగిన్‌లో బౌండరీ కండిషన్ (గోడకు అవతల ఏముందో) ప్రకారం రంగులు చూపే ఆప్షన్ ఒకటుంది, అది ఆన్ చేసి సెక్షన్ కట్ పెట్టి లోపలికి చూస్తే మ్యాచ్ కాని గోడలు వేరే రంగులో దొరికిపోతాయి. జామెట్రీ అయ్యాక లోడ్స్ (లైట్లు, మనుషులు, ఎక్విప్‌మెంట్) ఇచ్చే ముందే ఇది చూసేయడం అలవాటు చేసుకోండి.

పేర్ల విషయంలో మాత్రం మీరే జాగ్రత్తపడాలి. పేరు పెట్టకపోతే ప్రతి గోడా సర్ఫేస్ 1, సర్ఫేస్ 213 అని నంబర్లే. ఎర్రర్ ఫైల్‌లో సర్ఫేస్ 213 ఉష్ణోగ్రత హద్దు దాటింది అని వస్తే అది మూడో అంతస్తు టాయిలెట్టో, లాబీ గాజో మీకు తెలియదు, మళ్లీ సర్చ్ చేయాలి. కనీసం స్పేస్‌లకూ థర్మల్ జోన్లకూ మనిషి చదవగలిగే పేర్లు పెట్టండి.

ఇప్పుడు చెప్పేది గుర్తుపెట్టుకోండి, డిజైన్‌బిల్డర్ నుంచి వచ్చినవాళ్లు ముఖ్యంగా. డిజైన్‌బిల్డర్‌లో కింది మెట్టులో ఇచ్చిన విలువ పైదాన్ని కొట్టేస్తుంది. ఓపెన్‌స్టూడియోలో కన్‌స్ట్రక్షన్ సెట్లూ (గోడల నిర్మాణాలు) షెడ్యూల్ సెట్లూ (ఏ గంటకు ఎంత వాడకం) అలాగే కొట్టేస్తాయి, కానీ లోడ్స్ అలా కావు, కూడుతాయి. స్పేస్ టైప్‌లో (గది రకానికి ఇచ్చిన విలువల్లో) చదరపు మీటరుకు 10 వాట్ల లైటింగ్ ఉండి, అదే స్పేస్‌లో మీరు విడిగా ఇంకో 8 వాట్ల లైటింగ్ పెడితే, ఆ గదికి 18 వాట్లు. మీరు 8 అనుకుంటూ ఉంటారు. లైటింగ్ కరెంటు ఎందుకు ఎక్కువొస్తోందో తెలియక జుట్టు పీక్కునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

దీని గొప్ప సుఖం థర్మల్ జోన్ దగ్గర ఐడియల్ ఎయిర్ లోడ్స్ అనే చిన్న టిక్కు. అది పెడితే సిస్టం అంతా పక్కకు తప్పుకుంటుంది, గదికి ఎంత చల్లదనం కావాలో అదొక్కటే తెలుస్తుంది. చిల్లర్ లూప్ (చల్లటి నీళ్లు తిరిగే పైపుల చుట్టు) గీయకముందే ఐడియల్ లోడ్స్‌తో ఒక ఏడాది రన్ వేసి ఆ నంబర్లు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. తర్వాత హెచ్‌వీఏసీ పెట్టాక వచ్చే ప్రతి తేడాకూ పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

## నేరుగా ఎనర్జీప్లస్: దాచేది ఏమీ ఉండదు

ఎనర్జీప్లస్ ఇన్‌పుట్ అంతా ఉండే ఐడీఎఫ్ ఫైల్ మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. నిన్నటి ఫైల్, ఈరోజు ఫైల్ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించే ఏ ఫ్రీ టూల్ అయినా సరే, మారిన లైన్లు క్షణంలో చూపిస్తుంది. నిన్న పనిచేసింది ఈరోజు పనిచేయడం లేదు అనే కేసుకు ఇంతకంటే వేగమైన మందు లేదు.

ఎర్రర్ ఫైల్‌లో మూడు స్థాయులు ఉంటాయి: వార్నింగ్, సివియర్, ఫేటల్. ఫేటల్ చివర్లో ఉంటుంది, అందరూ అదే చదువుతారు, అందులో మాత్రం ముందటి తప్పుల వల్ల ఆపేశాను అని తప్ప ఏమీ ఉండదు. చదవాల్సింది పైనుంచి వచ్చే మొదటి సివియర్. దాన్ని సరిచేస్తే కిందివి చాలావరకు వాటంతటవే పోతాయి, ఎందుకంటే ఒక షెడ్యూల్ పేరులో ఒక అక్షరం తప్పితే దాన్ని వాడిన ప్రతి వస్తువూ విడిగా ఫిర్యాదు చేస్తుంది.

వార్నింగుల్లో వాడని షెడ్యూళ్లు, వాడని కన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి అనేవి వదిలేయొచ్చు. వదలకూడనివి కొన్ని ఉన్నాయి. మనుషుల లెక్క ఫలానా పద్ధతిలో అడిగారు కానీ ఆ గడి ఖాళీగా ఉంది, సున్నా మనుషులు వస్తారు అనేది ఒకటి. అంటే మీ ఆఫీసు ఏడాదంతా ఖాళీ. ఫ్లోర్ తలకిందులుగా ఉంది, టిల్ట్ (వాలు కోణం) 180 దగ్గర ఉండాలి అనేది ఇంకోటి. వెదర్ ఫైల్‌లోని లొకేషన్‌కూ మీరిచ్చిన లొకేషన్‌కూ పొంతన లేదు, వెదర్ ఫైల్‌దే తీసుకుంటున్నాను అనేది మూడోది. వార్మప్ రోజుల్లో (అసలు రన్‌కు ముందు నడిపే ట్రయల్ రోజుల్లో) కన్వర్జ్ కాలేదు, అంటే ఉష్ణోగ్రతలు నిలకడకు రాలేదు, అని ఒక జోన్ పేరుతో పదే పదే వస్తుంటే ఆ జోన్ పదార్థాల మందం, సాంద్రత చూడండి, ఉండాల్సినదానికంటే బాగా మందంగా పడిన స్లాబ్ అక్కడ ఉండొచ్చు.

దీని కష్టం కూడా చెప్పాలి. ఖాళీ వదిలిన గడికి డిఫాల్ట్ ఏం పడుతుందో తెలియాలంటే మాన్యువల్ తెరవాల్సిందే, ఎరుపూ నీలం చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. చిల్లర్ కేటలాగ్‌లో టన్నుకు 0.64 కిలోవాట్లు అని ఉంటుంది, ఎనర్జీప్లస్ అడిగేది సీఓపీ, అంటే 3.517ను 0.64తో భాగించి 5.5 ఇవ్వాలి. 0.64 అలాగే ఇచ్చేస్తే చిల్లర్ కరెంటు ఎనిమిదింతలు దాటుతుంది. గోడల విషయంలో మాత్రం హాయి. ఫలితాల టేబుల్ ఫైల్‌లో ఎన్వలప్ సమ్మరీ తెరిస్తే గాలి పొర కలిపిన యూ-ఫ్యాక్టర్, కలపనిది, రెండూ విడివిడిగా ఉంటాయి. కోడ్‌తో పోల్చేటప్పుడు కలిపినదాన్ని తీసుకోండి.

## ఒకే తప్పు, నాలుగు చోట్ల

పోలిక బాగా అర్థమవడానికి, ఎక్కువగా జరిగే ఒక తప్పును నాలుగింట్లోనూ చూద్దాం. హైదరాబాద్ ఆఫీసు. వెదర్ ఫైల్ హైదరాబాద్‌దే పెట్టారు. ఏసీ సైజింగ్ కోసం వాడే డిజైన్ డే (బాగా వేడిగా ఉండే నమూనా రోజు) మాత్రం మోడల్ మొదలుపెట్టిన ఉదాహరణ ఫైల్‌లోని చికాగోదే ఉండిపోయింది. ఫలితం ఏంటంటే, చికాగో వేసవికి సరిపోయే ఏసీ సైజు పెట్టుకుని హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లోకి అడుగుపెడతాం. గదులు చల్లబడవు, అన్‌మెట్ అవర్స్ (సెట్‌పాయింట్‌కు చేరని గంటలు) పెరిగిపోతాయి, అమెరికా ఇంధన ప్రమాణం ఆష్రే 90.1లోని అపెండిక్స్ జీ ఒప్పుకునే 300 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. కరెంటు మాత్రం తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెషిన్ చిన్నది! పొదుపు బాగా వచ్చిందని సంబరపడే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎనర్జీప్లస్‌లో, ఓపెన్‌స్టూడియోలో ఇది తరచూ జరుగుతుంది, వెదర్ ఫైల్ ఒకచోట, డిజైన్ డేలుండే డీడీవై ఫైల్ ఇంకోచోట ఇవ్వాలి కాబట్టి. పట్టుకోవడం మాత్రం తేలికే: హెచ్‌వీఏసీ సైజింగ్ సమ్మరీలో ప్రతి జోన్ పక్కన డిజైన్ డే పేరు ఉంటుంది. అక్కడ చికాగో అని కనిపిస్తే ఇంక వెతకాల్సిన పని లేదు. డిజైన్‌బిల్డర్‌లో లొకేషన్ టెంప్లేట్ ఎంచుకుంటే రెండూ కలిసి మారతాయి, లొకేషన్ మార్చకుండా గంటలవారీ వెదర్ ఫైల్ ఒక్కటే మార్చినవాళ్లు మాత్రమే ఇందులో పడతారు. ఈక్వెస్ట్‌లో డిజైన్ డేలు ఇవ్వడం తప్పనిసరి కాదు, ఇవ్వకపోతే వెదర్ ఫైల్‌లోని లోడ్ల మీదే సైజ్ చేస్తుంది, కాబట్టి ఈ తప్పు అక్కడ అరుదు.

అన్‌మెట్ అవర్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఎనర్జీప్లస్ డిఫాల్ట్ టాలరెన్స్ 0.2 డిగ్రీలు. సెట్‌పాయింట్‌కు పావు డిగ్రీ ఎక్కువైనా అన్‌మెట్ కిందే లెక్క. లీడ్ (గ్రీన్ బిల్డింగ్ రేటింగ్) సబ్మిషన్లకు చాలామంది దాన్ని 0.56కు, అంటే 1 డిగ్రీ ఫారెన్‌హీట్‌కు మారుస్తారు. ఈక్వెస్ట్‌లో 80 గంటలు వచ్చిన బిల్డింగ్ ఎనర్జీప్లస్‌లో 700 చూపిస్తోందంటే ఏసీ సైజు మీద పడేముందు ఈ ఒక్క సెట్టింగ్ చూడండి.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ అయినా కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. 1,000 చదరపు మీటర్ల ఆఫీసు, చదరపు మీటరుకు 10 వాట్ల లైటింగ్, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు: 30,000 యూనిట్ల కరెంటు. మోడల్ 25,000 అంటే షెడ్యూల్ వల్ల తగ్గిందనుకోవచ్చు. 3 లక్షలు దాటిందంటే అడుగు, మీటరు తారుమారయ్యాయి. ఈ గుణకారం ముందే వేసుకుని కూర్చున్న మనిషికి యూనిట్ల తప్పు దొరకడానికి ఒక్క రన్ చాలు.

## ఎవరికి ఏది

ఆర్కిటెక్చర్ థీసిస్ చేస్తున్నారా? కాలేజీలో డిజైన్‌బిల్డర్ లైసెన్స్ ఉంటే కళ్లుమూసుకుని అదే తీసుకోండి. మీ ప్రశ్నలు ఎక్కువగా నీడ, గాజు, గోడల గురించి ఉంటాయి, డిఫాల్ట్‌ల రంగు తేడా మిమ్మల్ని చాలా కాపాడుతుంది. లైసెన్స్ లేకపోతే ఓపెన్‌స్టూడియో, ఐడియల్ లోడ్స్ వరకే ఆగండి. చిల్లర్ లూపులు గీస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ డిజైన్) కన్సల్టెన్సీలో ఉండి లీడ్, ఐజీబీసీ రేటింగ్‌ల ఫైళ్లు, ఈసీబీసీ ఫైళ్లు చేస్తున్నారా? చిల్లర్, వీఏవీ (గదికి పంపే చల్లగాలిని పెంచి తగ్గించే సిస్టం) ఉన్న పెద్ద ఆఫీసులు ఎక్కువైతే ఈక్వెస్ట్ ఇంకా పనికొస్తుంది. యూనిట్లు మార్చే ఒక ఎక్సెల్ షీట్ తయారు చేసుకుని, ప్రతి విలువా దాని గుండానే మోడల్‌లోకి వెళ్లాలని టీమ్‌లో కట్టడి పెట్టుకోండి. వీఆర్ఎఫ్ ప్రాజెక్టులు ఎక్కువైతే డిజైన్‌బిల్డర్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు. వాతావరణ జోన్ విషయంలో కూడా తొందర వద్దు: ఈసీబీసీలో హైదరాబాద్ కాంపోజిట్, విజయవాడ, విశాఖ వార్మ్ అండ్ హ్యూమిడ్. ఒక ఊరి టెంప్లేట్ ఫైల్ ఇంకో ఊరికి కాపీ చేసినప్పుడు వెదర్ ఒక్కటే మార్చి వదిలేయకండి.

ఉన్న బిల్డింగ్‌ను కరెంటు బిల్లులతో సరిపోల్చాలా? ఆష్రే గైడ్‌లైన్ 14 ప్రకారం నెలవారీ బిల్లులతో అయితే ఎన్ఎంబీఈ (మొత్తం మీద తేడా) 5 శాతం లోపు, సీవీఆర్ఎంఎస్ఈ (నెలనెలా వచ్చే హెచ్చుతగ్గుల తేడా) 15 శాతం లోపు రావాలి. అంటే ఒకే మోడల్‌ను ఎన్నోసార్లు చిన్నచిన్న మార్పులతో నడపాలి. ఈక్వెస్ట్ వేగం లేదా ఓపెన్‌స్టూడియో మెజర్స్ (మోడల్‌ను తమంతట తామే మార్చే చిన్న స్క్రిప్టులు), ఈ రెండింటిలో మీకు ఏది చేతకొస్తే అది. స్క్రిప్ట్ రాయగలిగితే ఓపెన్‌స్టూడియోదే పైచేయి.

పైథాన్ వచ్చా, పరిశోధన వైపు వెళ్లాలనుందా? నేరుగా ఎనర్జీప్లస్. దాంతో వచ్చే ఉదాహరణ ఫైళ్లలో ఒకే జోన్ ఉన్న చిన్న ఫైల్ తీసుకుని, ఒక్కో విలువనూ కావాలనే తప్పుగా మార్చి ఎర్రర్ ఫైల్ ఏమంటుందో చూడండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది గానీ ఇలా నేర్చుకున్నది తర్వాత డిజైన్‌బిల్డర్‌లోనూ ఓపెన్‌స్టూడియోలోనూ అక్షరాలా పనికొస్తుంది, అడుగున ఉన్న ఇంజిన్ ఒకటే కదా.

అమెరికాలో పనిచేస్తున్న మనవాళ్లు ప్రాజెక్టు ఏ రాష్ట్రానిదో ముందు చూసుకోండి. కాలిఫోర్నియా టైటిల్ 24 (ఆ రాష్ట్ర భవన ఇంధన కోడ్) పని అయితే వాళ్లు ఆమోదించిన సీబెక్, ఎనర్జీప్రో లాంటివే వాడాలి, ఈ పోలిక అక్కడ వర్తించదు.

ఇంకో దారి కూడా ఉంది, నాకు బాగా నచ్చేది అదే. మోడల్ డిజైన్‌బిల్డర్‌లోనో ఓపెన్‌స్టూడియోలోనో కట్టండి, తప్పు వెతకడానికి మాత్రం లోపలి ఐడీఎఫ్ ఫైల్ బయటికి తీసి చదవండి. ఓపెన్‌స్టూడియో రన్ ఫోల్డర్‌లో అది ఎలాగూ ఉంటుంది, డిజైన్‌బిల్డర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. స్క్రీన్ మీద కనిపించని విలువ కూడా ఐడీఎఫ్‌లో దొరుకుతుంది. రెండు జాగ్రత్తలు. ఆ ఫైల్‌లో చేత్తో సరిచేసింది వెనక్కి అసలు మోడల్‌కు పోదు, తప్పు దొరికాక వెళ్లి మోడల్‌లోనే మార్చాలి. రెండోది, ఐడీఎఫ్ ఏ ఎనర్జీప్లస్ వర్షన్‌ది అయితే ఆ వర్షన్‌తోనే నడపండి, వేరేదాంతో నడపాలంటే ముందు వర్షన్ అప్‌డేటర్ గుండా పంపండి. లేకపోతే మోడల్‌లో లేని తప్పులు కూడా మెసేజ్‌లలో కనిపించి, ఉన్న తప్పు వాటి మధ్య మరుగున పడుతుంది.